సొరుగులో నోటీసు

నోటి దాకా వచ్చి మళ్లీ లోపలికి పోయిన మాట ఒకటి ముప్పై ఏళ్లుగా నాలో ఉండిపోయింది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరు నాకేమీ కారు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను మలయాలో, ఇపో ఊరి వైపు ఒక కోర్టులో దుబాసీని. తోట కూలీల తెలుగును దొర జడ్జీకి ఇంగ్లీషులో చెప్పడం, ఆయన అన్నది వాళ్లకు తిప్పి చెప్పడం నా పని. లాయరు కావాలని నా ఆశ. పోస్టులో పాఠాలు తెప్పించుకుని మూడుసార్లు పరీక్ష రాశాను. మూడుసార్లూ తప్పాను.

అప్పుడు సింగపూరు నుంచి నరసింగరావుగారు వచ్చారు. మన తెలుగాయనే. అక్కడ పన్నెండేళ్లు వాదించిన మనిషి. ఆ లైసెన్సు మలయాలో చెల్లదు, కానీ అంత అనుభవం ఉంటే పరీక్ష అక్కర్లేదట. దరఖాస్తు పెట్టుకుంటే దాని నోటీసు కోర్టు బోర్డు మీద మూడు నెలలు ఉంటుంది. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే జడ్జీ ఒప్పుకుంటాడు. అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. నేను మూడుసార్లు బోర్లాపడిన గుమ్మంలోంచి ఈయన పల్లకీలో వెళ్తాడా?

పైగా మంచివాడు. చెడ్డవాడైతే నా అసూయకు కాస్త మర్యాదైనా దక్కేది. కనబడినప్పుడల్లా నాలుగోసారి రాయమనేవారు, తాను పాఠం చెబుతాననేవారు. ఆ జాలి పుండు మీద కారంలా ఉండేది.

నోటీసు గుచ్చమని రిజిస్ట్రారు నాకే ఇచ్చాడు. సొరుగులో పెట్టాను. రేపు గుచ్చుదాం అనుకున్నాను, నిజంగానే. వారం గడిచింది. ఆయన కోర్టుకని కొత్త కోటు కుట్టించుకున్నారని విన్న రోజున సొరుగుకు తాళం వేశాను. మరిచిపోయానని చెప్పుకోవచ్చు. మరిచిపోయినవాడు తాళం వేస్తాడా? రెండు నెలలకు ఆయన వచ్చి చూసుకుంటే బోర్డు మీద కాగితం లేదు. ఎవరో పీకేసి ఉంటారన్నాను. కొత్త నోటీసు గుచ్చారు, మూడు నెలల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలైంది.

ఈలోగా అప్పలసామి కేసు వచ్చింది. రబ్బరు తోటలో పాలు గీసే మనిషి. అవి మలయాలో ఎమర్జెన్సీ రోజులు, దొరల మీద కమ్యూనిస్టులు తిరగబడి అడవి పట్టిన కాలం. అడవిలో దాక్కున్నవాళ్లకు చేరుతుందని తోట గేటు దాటి గింజ కూడా పోనిచ్చేవారు కాదు. ఇతని నడుముకు అన్నం మూట దొరికింది. కడుపులో పుండు, ఆకలికి ఆగలేక తన కోసమే కట్టుకున్నాడు. నరసింగరావుగారు డాక్టరు కాగితాలు సంపాదించారు గాని, లేచి వాదించే హక్కు ఇంకా రాలేదు. నేను నోటీసు గుచ్చి ఉంటే అప్పటికి నెల ముందే వచ్చేది. కోర్టు పెట్టిన దొర లాయరు ఆ కాగితాలు తిరగేసి కూడా చూడలేదు.

ఐదేళ్లు వేశారు. ఆ మాట అప్పలసామికి చెప్పవలసింది నేనే.

“ఆ సింగపూరు బాబు వస్తానన్నాడు గదా, ఎందుకు రానేదు బాబూ?”

“ఆయనకింకా లైసెన్సు రానేదు.”

“ఏటి, అంత పెద్దాయనకా? ఎవులాపినారు?”

బోనులోని మనిషి అన్న ప్రతి మాటా ఉన్నదున్నట్టు చెబుతానని నేను ప్రమాణం చేసినవాణ్ణి. ఏమంటున్నాడని జడ్జీ అడిగాడు. దొరగారికి దణ్ణం పెడుతున్నాడని చెప్పాను.

అప్పలసామి శిక్ష పూర్తి కాకుండానే జైలు ఆసుపత్రిలో పోయాడు. ఆ పుండే. తర్వాత మెర్డెకా, అంటే ఆ దేశానికి స్వాతంత్ర్యం, వచ్చింది, కోర్టు మీద జెండా మారింది. నరసింగరావుగారికి లైసెన్సూ పేరూ వచ్చాయి. నేను నాలుగోసారి పరీక్ష రాయలేదు.

నిరుడు ఆయన పోయారు. వచ్చిన జనాన్ని చూసి ఏడ్చాను. అభిమానం అనుకున్నారు అందరూ. సిగ్గు విడిచి చెబుతున్నాను, అదీ అసూయే. ఇలాంటి ఒప్పుకోలు రాయవలసిన అవసరం ఆ మనిషికి జన్మలో రాలేదు కదా!

క్షమించమని ఎవరిని అడగను? ఇద్దరూ లేరు. కానీ రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది. అప్పలసామి అడిగినదానికి జవాబు అతని మాటలోనే చెబుతున్నాను.

నేనే ఆపినాను.