తుక్కు కాదన్న మా సారు

మా డ్రాయింగ్ సారు పోయారు. నాగర్‌కర్నూలులో కూతురింట్లో, పొద్దున చాయ్ తాగి పేపరు చూస్తూ అలాగే ఒరిగిపోయారట. ఫోను వచ్చినప్పుడు నేను గద్వాలలో, నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతున్నాను. బడిలో కూర్చుని ఏడ్చాను. మూడో రోజుకి ఏడుపు పోయి ఒళ్లు మండింది. ఎందుకో చెబుతాను.

సారుకు ఒక అలవాటు. ఎవరింటికి పోయినా అక్కడున్న వస్తువును బోర్లించి అడుగు చూసేవారు. టేబుల్ ఫ్యాను, కుట్టుమిషను, ఏదైనా సరే. మా ఇంట్లో వత్తుల స్టవ్వును బోర్లిస్తే కిరసనాయిలంతా చాప మీద పోయింది. జర చెప్పి తిప్పొద్దా సారూ అని అమ్మ కసిరింది. ఆయన నవ్వి, దీన్ని మన దేశంలోనే ఎవరో కూర్చుని గీశారమ్మా, ఆ మనిషి పేరు ఎక్కడైనా ఉందేమోనని చూస్తున్నా అన్నారు. ఎక్కడా లేదు. వస్తువును చూడటం నాకు నేర్పింది ఆయనే.

రాజుల కత్తులకు మ్యూజియం ఉంది, మన ఫ్యాక్టరీల్లో మనవాళ్లు రూపం ఇచ్చిన వాటికి ఎందుకు లేదు? ఇదే ఆయన గోడు. రిటైరయ్యాక షేర్ ఆటోల్లో ధరూర్, గట్టు లాంటి ఊళ్లు తిరిగి, తుక్కువాడికన్నా ముందే పోయి అలాంటి పాత వస్తువులను అడిగి తెచ్చేవారు. ఏళ్ల తరబడి బతిమాలితే ఒక మ్యూజియం వాళ్లు ఒక గది ఇచ్చారు. ఆ ఊరి పేరు రాయను. రాస్తే మిగతా ఊళ్లు తప్పించుకుంటాయి.

గట్టు నుంచి తెచ్చిన ఆయిల్ ఇంజను మీద, ఆ ఇంటివాళ్లు ప్రతి దసరాకు పెట్టిన పసుపు కుంకుమలు పొరలుగా గట్టిపడి ఉండేవి. వాటిని ముట్టుకోవద్దని సారు మరీ మరీ చెప్పారు. గది ప్రారంభానికి ముందు మ్యూజియం వాళ్లేం చేశారు? ఇంజనును సబ్బుతో తోమి, వెండి రంగు కొట్టించారు! పెద్దవాళ్లొస్తున్నారు, కొత్తగా కనపడాలి కదా అన్నారు. వాళ్లకది మర్యాద.

సారు ఇంజను చుట్టూ తిరిగి నా దగ్గరకొచ్చారు. "కంపెనీల గీసింది సగమేనమ్మా. కడమ సగం వాడినోళ్లు గీసిండ్రు. దాన్నే కడిగిండ్రు," అన్నారు. ఆ తర్వాత మిగతా వాటికి రంగు పడకుండా, ఓపిక ఉన్నన్నాళ్లు వచ్చి ఆ గదిలోనే కూర్చునేవారు.

మూడో రోజున సంతాపసభ ఆ మ్యూజియంలోనే పెట్టారు. మహనీయుడన్నారు, తీరని లోటన్నారు. జనం వెళ్లారో లేదో, ఫోటో మీద దండ ఇంకా వాడనేలేదు, అక్కడి అధికారి అటెండరును పిలిచి, ఆ గదిలో తుక్కు వరండాలో పడేసి ఈ కుర్చీలు లోపల పెట్టమన్నాడు. తుక్కు బండి రేపొస్తుందట. తీరని లోటు ఒక్క పూటలో తీరిపోయింది!

నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. మీకేం సంబంధమమ్మా అన్నాడు అధికారి.

"మహనీయుడన్నది మీరే, తుక్కన్నది మీరే. రెంట్ల ఏది అబద్ధమో చెప్పుండ్రి సార్, నేను పోత," అన్నాను.

ఆయన పెదవి విరిచి ఆఫీసు గదిలోకి పోయాడు. ఎదురు దుకాణంలో తాళం కొనుక్కొచ్చి ఆ తలుపుకు వేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంది, ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోమన్నాను.

బస్సు కోసం బయటికి వస్తుంటే వాన పట్టుకుంది. వెనక్కి తిరిగి చూశాను. మూసిన గది ముందు, వరండా అంచున, సంతాపసభ కుర్చీలు వరుసగా తడుస్తున్నాయి.