కోర్సికా కొండలకు అంజనమ్మ వేసిన దారి

ఎమ్మిగనూరులో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఆటల టీచరు అంజనమ్మ. నలభై ఆరేళ్లు. పుట్టింది నందవరం పక్క పల్లెలో. ఆదివారం వస్తే తొలి బస్సెక్కి ఆదోని చేరి, అక్కడి నడక సంఘంతో కలిసి కోట కొండ ఎక్కడం ఆమెకు పదేళ్ల అలవాటు. మూడేళ్ల కిందట అది మానేసింది. మానేసిందనడం కంటే మాన్పించారనడం నిజం.

ఆ సంఘానికి పెద్ద శివకుమార్. ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది. మంచి మాటకారి. ఆ ఏడు అందరినీ హిమాలయాలకు తీసుకుపోయాడు. శిఖరం ఇంకొక్క రోజు నడక ఉందనగా ఆయన భార్య సరస్వతికి ఎత్తు పడక వాంతులు పట్టుకున్నాయి.

"అంజనమ్మా, ఈమెను కిందికి దించి సూసుకో తల్లీ. నేను లేకుంటే ఈళ్లు పైకి పోలేరు" అని బతిమాలాడు శివకుమార్. అంజనమ్మ మారుమాట లేకుండా సరస్వతిని భుజానికి ఆనించుకుని దిగిపోయింది.

ఊరికొచ్చాక సన్మానం జరిగింది. శివకుమార్ మైకు పట్టుకుని, "మా అంజనమ్మ మోకాళ్లు సగం దారిలోనే సెలవు చీటీ ఇచ్చినాయి. పాపం, తోడుగా మా ఆమెను ఇచ్చి కిందికి పంపినా" అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. ముందు వరసలో ఉన్న సరస్వతి తల వంచుకుంది. ఆ మాట ఎమ్మిగనూరు దాకా పాకి, స్టాఫ్ రూములో కూడా నవ్వులయ్యాయి.

ఈ జనవరిలో ఆదోని బస్టాండు దగ్గర బ్యానరు కనబడింది. శివకుమార్ బృందం మధ్యధరా సముద్రంలోని కోర్సికా దీవికి పోతోంది. అక్కడి కొండల మీద ఉత్తరం నుంచి దక్షిణానికి నూట ఎనభై కిలోమీటర్లు, పదిహేను రోజుల నడక. ప్రయాణం మే మొదటివారం.

అంజనమ్మ ఆ రాత్రే నిశ్చయించుకుంది. తనూ పోతుంది, ఒంటరిగా, వాళ్లు బయల్దేరే రోజే దక్షిణం కొసనుంచి. ఎనిమిదో రోజున ఏదో ఇరుకు బండల దారిలో ఇద్దరూ ఎదురుపడతారు. అప్పుడు ఆయన తన మనుషులందరి ముందర పక్కకు తప్పుకుని ఆమెకు దారివ్వాలి. ఆ క్షణం కోసమే ఆమె సంచిలో పదమూడు కిలోల పత్తి గింజలు నింపుకుని, వాళ్లు రాని శనివారాల్లో కోట ఎక్కి దిగింది. రాత్రి బస చేసే గుడిసెల పేర్లు తెలుగు అక్షరాల్లో రాసుకుంది. నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, ఏ మజిలీకి ఎన్ని గంటలో లెక్క కట్టింది. ఫోన్లో అనువాదం చేయించి ఒక గుడిసె కాపరికి ఉత్తరం పంపింది.

జవాబు వచ్చింది. మే నెలలో ఎత్తు కనుమల నిండా మంచు. కాపరులు జూన్‌లో గానీ రారు. మంచు మీద నడిచే సామాను, అనుభవం లేనివాళ్లు రావద్దు.

అంజనమ్మ తన తేదీని జూన్ చివరికి మార్చుకుంది. ఎదురుపడే ముచ్చట పోయింది. అంతకంటే మంచిది దొరికింది. "పోనీ. నడుం లోతు మంచులో నిలబడి ఏడవనీ" అనుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా బెల్లంముక్కలా బుగ్గన పెట్టుకుంది.

ఇరవై రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం సరస్వతి ఆమె ఇంటికి వచ్చింది.

"అక్కా, ఈసారీ నన్ను తోలుకపోతాండాడు. నాకు భయమైతాంది. నువ్వు ఆ కొండల గురించి రాసి తెలుసుకుంటాండావంట గదా."

అంజనమ్మ నోట్‌బుక్ మూసింది. "సభలో ఆ పొద్దు నోరు యాడ పెట్టుకున్నావు సరస్వతీ?"

"ఆయన ముందర నోరు తెరిస్తే ఇంట్లో బతకనిస్తాడా అక్కా?"

"అయితే ఈ ఆదివారం కోట మీద తెరువు. అందరూ వినాల. అప్పుడు నీ పానం కాసే మాట ఒకటి సెప్తా. తెరవకుంటే మీ ఆయనతోనే పో."

ఒకరి ప్రాణంతో బేరమాడడం తప్పని ఆమెకు తెలుసు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం కోట మీద ఇరవై మంది ముందు సరస్వతి జరిగింది చెప్పింది. "దిగింది నా కోసం. అక్క మోకాళ్లకు ఏమీ కాలేదు."

"ఇంటి మాటలు ఈడెందుకు?" అని గద్దించాడు శివకుమార్.

అంజనమ్మ ముందుకొచ్చి కాపరి ఉత్తరం చదివింది. "మన ఊరి ఎండ సూసి మీ పెద్దాయన తేదీ పెట్టినాడు" అంది.

అందరూ ఆయనవైపు తిరిగారు. ఆయన ముఖం నల్లబడింది. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇరవై దినాలాయె."

"తెలిసీ సెప్పలేదా?"

"సెప్పలేదన్నా. నువ్వు మూడేండ్లు నిజం దాస్తివి. నేను ఇరవై దినాలు దాచినా."

మే ప్రయాణం ఆగిపోయింది. సరస్వతితో కలిపి నలుగురు జూన్‌లో అంజనమ్మ వెంట వస్తామన్నారు. వారం గడిచాక శివకుమార్ ఫోన్ చేశాడు. "నన్నూ రాసుకో అంజనమ్మా. అందరికంటే ఎనకాల నడుస్తా."

"చోటు లేదన్నా" అంది. చోటు ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలుసని గొంతును బట్టి ఆమెకు అర్థమైంది.

జాలి కలుగుతుందేమోనని రెండు రోజులు చూసింది. కలగలేదు. మూడో రోజు బడి నుంచి రాగానే మొదటి రాత్రి బసకు తనతో కలిపి అయిదుగురి పేర్లు నమోదు చేసింది.