పలకల షెడ్డులో రగ్బీ పేజీ

నేను మొదలుపెట్టి మధ్యలో ఇడిచిపెట్టినవి ఏమేమున్నాయని అడిగితే మా అమ్మ ఊపిరి తీసుకోకుండా చెప్తాది. ఇంటర్ రెండో సంవత్సరం. టైలరింగు. బ్యూటీషియన్ కోర్సు, అది పదకొండు రోజులు. ఒక స్వెట్టరు, దానికి ఒక చెయ్యే ఉంది, ఇప్పటికీ బీరువా మీద పడుంది. అందుకని నేను ఒక దేశం రగ్బీ జట్టు గురించిన పేజీ బాగుచేస్తా ఉన్నానని చెప్పినప్పుడు ఆమె ఏం ఆశ్చర్యపోలా. "సరే, ఎన్ని రోజులు?" అనింది అంతే.

ఆ దేశం పేరు మాత్రం మీకు చెప్పను. చెప్తే మీరు ఇప్పుడే పోయి ఆ పేజీ తెరిచి నా తప్పులు వెతుకుతారు. సముద్రం మధ్యలో ఉండే దేశం అనుకోండి, చాలు.

అసలు ఈ పిచ్చి నాకు మా ఊరి పేజీతో పట్టింది. నెట్లో తెలుగు విజ్ఞాన సర్వస్వం ఉంది కదా, ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. దాంట్లో మా ఊరి గురించి చూస్తే, ఊరి పక్కన ఏడాది పొడుగునా పారే వాగు ఉందని రాసుంది. నాకు నవ్వాగలా. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకోని కొట్టుకునే ఊరికి పారే వాగంట! ఫోన్లోనే ఆ మాట తీసేసినా. గంటకల్లా ఎవరో చూసి "ధన్యవాదాలు" అని పెట్టినారు. జీవితంలో నేను దిద్దింది ఒకరు ఒప్పుకోవడం అదే మొదలు. ఇంక ఆగుతానా?

మార్కాపురంలో పలకలకు చెక్క చట్రాలు బిగించే షెడ్డులో మేం పని చేస్తాం. అమ్మ లోపల పలకలు చూసి మంచివి, పగిలినవి వేరు చేస్తాది. నేను ముందర బల్ల దగ్గర కూర్చోని పెట్టెల మీద అడ్రసులు రాస్తా, ఫోన్లు ఎత్తుతా. ఫోన్లు రానప్పుడు విజ్ఞాన సర్వస్వమే. దాంట్లో "ఈ వ్యాసాలను మెరుగుపరచండి" అని ఒక పట్టీ ఉంటే, చూసి రగ్బీది పట్టుకున్నా. రగ్బీ అంటే కబడ్డీకి చుట్టమేమో అనుకున్నా, నిజం చెప్తున్నా.

పేజీ తెరిస్తే పైన ఎర్ర పెట్టె. దాంట్లో ఏముందంటే, ఇది మిషన్ చేసిన అనువాదం, అర్థం కావడం లేదు, ఏడు రోజుల్లో బాగుచేయకపోతే తొలగిస్తాం. ఎవరో మొదలుపెట్టి ఇడిచిపెట్టి పోయినారు. ఆ ఎవరో నాకు చుట్టం మాదిరి అనిపించినారు. చర్చా పేజీలో "అన్నా, నేను చేస్తా, తీసేయొద్దు" అని రాసినా. అక్కడ పేజీలన్నీ చూసుకునే పరిశీలకుడు సారు జవాబు పెట్టినాడు: "మీ ఉత్సాహం అభినందనీయం. శనివారం సాయంత్రం వరకు వేచి చూస్తాను. మూలాలు తప్పనిసరి." నా పేరు పక్కన "గారు" అని కూడా రాసినాడు. బ్యాంకులో కూడా నన్ను ఎవరూ గారు అనలా. ఆ గారు చూసినాక ఇంక ఎనక్కి తగ్గేదెట్ల?

ఫోన్లో చదివితే ఆ పేజీ తలకెక్కలా. మధ్యాన్నం కోత మిషన్ ఆపినాక అందరూ క్యారేజీలు ఇప్పుకోని కూర్చుంటారు, అప్పుడు గట్టిగా చదువుదామని మొదలుపెట్టినా.

"జట్టు తన మొదటి పరీక్షలో ఓడిపోయింది."

అమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "నీ లెక్కనే," అనింది.

షెడ్డంతా పకపకా నవ్వులు. ఇంగ్లీషులో టెస్టు అని ఉందని, అది పరీక్ష కాదు, దేశాలు ఆడుకునే మ్యాచి అని చెప్పేసరికి నా అన్నం చల్లారింది. దాని కిందనే "వారు మూడు ప్రయత్నాలు చేసి గెలిచారు" అని ఉంది. పెట్టెలు కట్టే ఆపా, "పాపం, మూడోసారికి గెలిచినారంటే మంచోళ్ళే," అనింది. ఆపా అంటే ఉర్దూలో అక్క. షెడ్డులో హిందువులం, తురకలం అందరం ఆమెను అట్లనే పిలుస్తాం. నాకు అప్పుడు డౌటొచ్చి చూస్తే, రగ్బీలో బంతి తీసుకుపోయి గీత అవతల నేలకు ఆనిస్తే వచ్చే పాయింట్లకు ఇంగ్లీషులో ట్రై అని పేరుంది, మిషన్ దాన్ని ప్రయత్నం చేసి పెట్టింది. పేజీ నిండా ప్రయత్నాలే. అన్నీ తీసేసినా.

అట్ల రోజూ మధ్యాన్నం చదవడం అలవాటైంది. అమ్మ పలక చూసే పద్ధతి ఒకటుంది. ఎడమ చేత్తో అంచు పట్టుకోని కుడిచేతి కణుపుతో టక్కున కొడతాది. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే లోపల చీలికుందని అర్థం. నేను ఒక వాక్యం చదవంగానే అందరూ అమ్మ మొహం చూస్తారు. ఆమె పెదవి ఇరిస్తే, "పగిలింది, పక్కన పెట్టు," అంటాది ఆపా. ఆ వాక్యం నేను మళ్ళీ రాయాల. మా పదో తరగతి తెలుగు సారు కూడా నాతో అన్నిసార్లు రాయించలా.

రగ్బీలో బంతి చేత్తో ముందుకు ఇసరకూడదు, ఎనక ఉన్నోడికే అందియ్యాల అని చదివినప్పుడు పెద్ద గలాటా అయింది.

"ముందుకు పోవాలంటే ఎనక్కి ఎయ్యడమేంది?" అనింది అమ్మ.

"మన ఆటోవోళ్ళు చేసేది అదే కదా అక్కా," అనింది ఆపా. "గిద్దలూరు రోడ్డుకు పోవాలని ఎక్కితే ముందు బస్టాండు చుట్టూ మూడుసార్లు తిప్పుతారు."

ఇంక అత్త సంగతి చెప్పాల. ఆమె ఎవరికీ అత్త కాదు, అందరికీ అత్తే. పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లె ఆమెది. నలభై ఏండ్లు గొర్రెలు మేపి, మోకాళ్ళు పట్టేసినాక ఇక్కడ కొడుకు దగ్గరకొచ్చి చట్రాలకు గరుకు కాగితం రుద్దుతా ఉంది. చదువు లేదు. ఫోన్లో ఆమెకు ఆ జట్టు ఆట ఒకటి చూపించినా. రెండు పక్కలోళ్ళూ వంగి, తలలు ఒకరి భుజాల కింద ఒకరు దూర్చి, గుంపుగా తోసుకుంటా ఉన్నారు. స్క్రమ్ అంటారు దాన్ని.

అత్త కండ్లు మెరిసినాయి. "మిట్టమధ్యాన్నం గొర్రెలు ఇట్లనే చేస్తాయి మేయ్! ఎండకు ఓర్చుకోలేక ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి నిలబడతాయి. పాపం వీళ్ళ దేశంలో కూడా అంత ఎండా?"

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే వెంటనే పేజీలో రాసేసినా. పావుగంటలో సారు తీసేసినాడు. "ఉపమానం చక్కగా ఉంది. కానీ మూలం?"

ఇక్కడ కట్టుబాటు అదన్నమాట. మనకు తెలిసింది రాయకూడదు, ఎవరో అచ్చేసింది చూపించాల. అత్తకు చెప్తే గరుకు కాగితం కింద పెట్టి, "మూలమా? మా మందే మూలం. వచ్చి చూసుకోమను," అనింది.

అట్ల బుధవారం దాటింది. పేజీ ముక్కాలు వంతు తేరింది. నాకు మాత్రం లోపల గుబులు. ఇట్లాంటి ముక్కాలు వంతు దగ్గరే నేను అన్నీ ఇడిచిపెడతా. అమ్మకు అది తెలుసు. పొద్దున బస్సులో, "రేపు ఎల్లుండి వరకు ఉంటాదిలే," అనింది, నా ఎదురుగానే, పక్కసీటు ఆమెతో.

గురువారం చదివేదానికి ఆటగాళ్ళ పట్టీ ఒకటే మిగిలింది. ఒక పెద్ద మ్యాచిలో మొదట మైదానంలోకి దిగినోళ్ళ పేర్లు. నోరు తిరగని పేర్లు. ఎవరికీ పట్టదని గబగబా చదివేసి ఫోను మూయబోయినా.

"ఆగు," అనింది అత్త. "ఒక పక్కకు ఎంతమంది అంటివి?"

"పదిహేను అత్తా."

"మరి నువ్వు పదహారు చదివినావే."

నేను నవ్వినా. "నీకెట్ల తెలుసు? నేనే లెక్కపెట్టలా."

"సాయంత్రం దొడ్లోకి తోలేటప్పుడు గొర్రెల్ని జతలు జతలుగా లెక్కపెడతాం మేయ్. పదిహేనంటే ఏడు జతలు పోయినాక ఒంటిది రావాల. నాకు ఎనిమిది జతలు నిండినాయి. ఒంటిది మిగల్లా." మళ్ళీ చట్రం రుద్దుకుంటా, ఏమీ కానట్టు అనింది: "పక్క మందది ఒకటి కలిసింది. చూసుకో."

లెక్కపెట్టినా. పదహారు. ఇంగ్లీషు పేజీ తెరిచి లెక్కపెట్టినా. దాంట్లో కూడా పదహారే! సారుకు రాసినా. ఆయన, "ఆంగ్ల వ్యాసంలో కూడా అలాగే ఉంది కదండీ, మార్చాలంటే ఆధారం కావాలి," అని పెట్టినాడు. మర్యాదగానే పెట్టినాడు గానీ నాకు ఏడుపొచ్చింది. లెక్క తప్పని అత్తకు తెలుసు, నాకు తెలుసు, దాన్ని నమ్మేదానికి అచ్చుకాగితం కావాల.

"వదిలెయ్ రా పాపా, ఒక్కడే కదా," అనింది ఆపా.

అమ్మ నా మొహం చూసింది. ఆ చూపులో ఇంటరు, టైలరింగు, ఒంటి చెయ్యి స్వెట్టరు అన్నీ కనపడినాయి.

శుక్రవారం పొద్దుటి నుంచి ఫోన్లో వెతుకుడే. పెట్టెల మీద అడ్రసులు రాస్తా వెతికినా. గుంటూరు పోవాల్సిన పెట్టె మీద కర్నూలు రాసి మేస్త్రీతో తిట్లు కూడా తిన్నా. ఆ మ్యాచి జరిపించినోళ్ళ సైటులో, ఏడో పేజీకో ఎనిమిదో పేజీకో, ఆ రోజు రెండు జట్లూ ఇచ్చిన కాగితం ఫొటో దొరికింది. ఎడమ పక్క మనోళ్ళు, కుడి పక్క అవతలి దేశమోళ్ళు. ఎడమ పక్క పదిహేను పేర్లు. పదహారోవోడు లేడు. కుడి పక్కకు చూస్తే, ఉన్నాడు! నాలుగో నెంబరు చొక్కా. అవతలి జట్టోడు!

బల్ల దగ్గర నుంచి లోపలికి ఒకటే పరుగు. మిషన్ మోతలో అరిచినా: "అత్తా! పక్క మందదే!"

"నేను చెప్పలా," అనింది అత్త, తల ఎత్తకుండా.

పట్టీలోంచి అతన్ని తీసేసి, ఆ కాగితం లింకు మూలంగా పెట్టినా. మార్పు ఎందుకు చేసినావో చిన్న వాక్యం రాయాల అక్కడ. "వేరే మందది కలిసింది, వేరు చేసినా" అని రాసినా. అది ఇప్పటికీ ఆ మార్పుల చరిత్ర పేజీలో ఉంది, కావాలంటే... లేదులే, దేశం పేరు చెప్పను అన్నా కదా.

శనివారం సాయంత్రం నాలుగింటికి ఎర్ర పెట్టె పోయింది. సారు రాసినాడు: "మీరు చెప్పిందే సరైనది. ఆంగ్ల వ్యాసంలోనూ సరిచేశాను. వ్యాసం ఉంచబడింది." నేను నాలుగుసార్లు చదివినా. ఉంచబడింది. ఆపా నా బుగ్గలు గిల్లి, పెట్టెలు కట్టే తాడు ముక్క నా మెడలో దండ లెక్క ఏసింది.

అమ్మకు ఫోన్ ఇచ్చినా. ఆమె పైనుంచి కింది దాకా ఏలితో జరిపి చూసింది. తర్వాత ఫోన్ తిరగేసి, ఎడమ చేత్తో అంచు పట్టుకోని, కుడిచేతి కణుపుతో టక్కున కొట్టి చెవి దగ్గర పెట్టుకునింది.

"మా! పగిలిపోతాది!"

"పగల్లాలే," అనింది. "బాగుంది. పెట్టెలో పెట్టుకోవచ్చు."

మా అమ్మ నోట్లోంచి పలకకు కాకుండా ఇంకోదానికి ఆ మాట రావడం నేను అప్పుడే ఇన్నా. నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి, చెక్కపొట్టు పడిందని చెప్పినా.

అత్త ఒక్కతే సంతోషపడలా. చట్రం ఒళ్ళో పెట్టుకోని ఆలోచిస్తా ఉంది. "మరి వాడు యాడికి పోయినాడు?" అనింది.

"ఎవరత్తా?"

"ఆ పదహారోవోడు. తప్పిపోయింది మన మందలో దొరికితే బయటికి తోలేసి ఊరుకుంటామా? వాళ్ళ దొడ్లో అప్పజెప్పొద్దా?"

అవతలి దేశం జట్టు పేజీ తెరిచినా. అదే మ్యాచి పట్టీ అక్కడ కూడా ఉంది. నేను ఒక్కో పేరు చదివితే అత్త కండ్లు మూసుకోని జతలు కడతా ఉంది. ఏడు జతలు అయినాయి. ఒంటోడు రాలా. పద్నాలుగే!

నాలుగో నెంబరు దగ్గర అతని పేరు రాసి, అదే కాగితం మూలంగా పెట్టి, మళ్ళీ మొదటి నుంచి గట్టిగా చదివినా. మిషన్ ఆగిపోయింది, చేతులు కడుక్కుంటా అందరూ ఇంటా ఉన్నారు, అమ్మ కూడా. ఏడు జతలు. ఒంటోడు.

అత్త కండ్లు తెరిచింది.

"ఆఁ," అనింది. "ఇంక దొడ్డి మూసెయ్."