ఇంకో ఏడాది చూడు

మా ఆయన బిక్షమయ్య ఎల్బీనగర్‌లో పంతొమ్మిదేళ్లు ఒక పేపరుకు విలేకరిగా చేశాడు. నెల జీతం లేని కొలువు. చైతన్యపురి హాస్టళ్ల నుంచి పిల్లలు, జర్నలిజంలోకి రావచ్చా సార్ అని అడగడానికి మా ఇంటికే వచ్చేవాళ్లు. చాయ్ తాగించి, రావద్దనే చెప్పేవాడు. విన్నవాళ్లు తక్కువ. సౌందర్య వినలేదు. ఆయన దగ్గరే వార్త రాయడం నేర్చుకుని అదే పేపర్లో చేరింది.

మా ఆయన మాత్రం ఎవరినీ సలహా అడిగే మనిషి కాదు. ఒక్కసారి నన్ను అడిగాడు. బాటసింగారం పండ్ల మార్కెట్‌లో ఒక వ్యాపారి గుమాస్తాగా రమ్మన్నాడట. నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను.

"పోవాల్నా, ఉండాల్నా?" అన్నాడు.

"కార్డు ఒస్తదంటివి గద. ఇంకో ఏడాది చూడు," అన్నాను.

విలేకరులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు అది. నిజం చెప్పాలంటే నా మనసులో ఉన్నది కార్డు కాదు. దవాఖానకు పోతే రిపోర్టర్ భార్య అని నన్ను ముందు కూర్చోబెట్టేవాళ్లు. అది పోతుందనుకున్నాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత ఎనిమిదో నెలలో, ఎండలో నిలబడి ఎవరిదో ధర్నా రాసుకుంటూ కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు.

మొన్న సౌందర్య వచ్చింది. సైదాబాద్‌లో ఒక బడిలో టీచరుగా రమ్మంటున్నారట, సోమవారంలోపు చెప్పాలట. వాళ్లమ్మ అండాలు మాత్రం కార్డు వచ్చేదాకా పేపరు వదలొద్దంటోందట.

"నువ్వు చెప్తే ఇంటది పెద్దమ్మా," అంది.

వాళ్లింటికి వెళ్లాను. అండాలు కుర్చీ తుడిచి వేసి, చాయ్ ఇచ్చింది. మా ఆయన పోలీస్ స్టేషన్‌కు వెళ్తే ఎస్సై కూడా లేచి నిలబడేవాడని, తన బిడ్డను కూడా అట్ల చూడాలని ఉందని చెబుతూనే ఉంది. ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాను.

"ఆయన ఇడిశిపెడ్తనన్నడు అండాలూ. నేనే పోనియ్యలే."

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మంచి పని చేసినవ్ అక్కా. పోనిస్తే గంత పేరొచ్చునా?"

అది కాదు అనబోయాను. అప్పటికే ఆమె బిడ్డ వైపు తిరిగింది.

"ఇన్నవా? పెద్దమ్మ గూడ గదే అంటుంది."

సౌందర్య కొంచెం సేపు నా మొహంలోకి చూసింది. తర్వాత ఫోన్ తీసి, రాలేనని బడివాళ్లకు మెసేజ్ పెట్టింది. నేను చాయ్ గ్లాసు పట్టుకుని అట్లనే కూర్చున్నాను.