బొమ్మ గుప్పిట్లో శెనక్కాయ గింజ

ధర్మవరం బస్సులో నా ఒళ్లో జానెడు చెక్కబొమ్మ ఉంది. ఆ రోజుల్లో దాన్ని వెంట్రుకవాసి కదిలిస్తూ, ఒక్కో ఫోటో తీస్తూ, రీలు కెమెరాతో చిన్న సినిమా చేస్తున్నాను. ఎంత తవ్వినా బావిలో నీళ్లు పడని రైతు గురించి ఎవరో రాసిన నీతికథ అది. చివరికి అతను గడ్డపార పారేసి ఊరు విడిచిపోతాడు. చదివినప్పుడు ఆ ముగింపు నాకు గొప్పగా తోచింది.

"ఎవురప్పా ఈయన?" అంది పక్క సీట్లోని అవ్వ, బొమ్మను చూపిస్తూ. కథ చెప్పాను.

అవ్వ కొంగుముడి విప్పి, పచ్చి శెనక్కాయలు ఒలిచి ముందు నా చేతిలో పోసింది. పక్కవాళ్లకు పెట్టకుండా మా వైపు ఎవరూ నోట్లో వేసుకోరు. తర్వాత ఒక గింజ తీసి, బొమ్మకు గడ్డపార పట్టేలా చెక్కిన గుప్పిట్లో దూర్చింది.

"అవ్వా, అది బొమ్మ!"

"బొమ్మయితే ఏమప్పా? పొద్దన్నుంచీ తవ్వుతాండాడంటివే. రోంత తిననీ."

బత్తలపల్లెలో ఆమె దిగిపోయింది. గింజ తీసేయడానికి నాకు చేతులు రాలేదు.

నా సినిమాలో ఆ రైతు ఊరు విడిచిపోడు. గడ్డపార పక్కన పెట్టి, గుప్పిట విప్పి చూసుకుంటాడు. ఆ గింజను తాను తవ్విన గుంతలోనే వేసి, మన్ను కప్పి, పక్కనే కూర్చుంటాడు.