చప్పిడి పప్పు

కాకినాడ ల్యాబ్‌లో నా పని, పలుచని ప్లాస్టిక్ పొర మీద నీళ్లలోని ఉప్పును ఆపే పూత పూయడం. ఎన్ని పొరలు చిరిగాయో, వాటి మీద ఎంత విసుక్కున్నానో! చివరికి ఒకటి నిలబడింది. ఉప్పు పోయిందని మీటరు చూపించింది కానీ, నాకు మీటరు మాట మీద అంత నమ్మకం లేదు.

సముద్రం పక్కనున్న మా ఊరి బోరు నీళ్లను ఆ పొరలోంచి వడగట్టి, క్యానులో పట్టి అమ్మకిచ్చాను. అమ్మ వాటితోనే పప్పు వండింది.

మొదటి ముద్దకే నాన్న మొహం చిట్లించారు. "ఉప్పెయ్యలేదేంటి?"

"పప్పులో నేనెప్పుడేశానండీ? మన నీళ్లలోనే ఉంటుందిగా," అంది అమ్మ.

నాన్న ఉప్పు డబ్బా అందుకున్నారు. నేను మాత్రం ఆ చప్పిడి పప్పే మారు వడ్డించుకున్నాను.