మబ్బుకి ఎదురెళ్ళే పిల్లని రైలెక్కించి వచ్చా

"గాలివాన వస్తుంటే లోకమంతా ఇంట్లోకి పరిగెత్తుద్ది. నువ్వు దాని వెనకాల పడతానంటావేంటే?"

"పరిగెత్తం మామ్మా, వ్యానులో వెళ్తాం. దూరం నుంచే చూస్తాం."

"దూరంగా ఉండమని గాలికి నువ్వు చెప్తావా? వడగళ్ళు పడితే, ఆగేట్టు అక్కడ వాకిట్లో రోకలి పడేసే దిక్కెవరు?"

"నువ్వు కల్లంలో నుంచుని రోజూ మబ్బు చూట్టం లేదా? నేను చూస్తేనే తప్పొచ్చిందా?"

"నేను చూసేది మిరపకాయ తడవకుండా. నువ్వు దేనికి చూస్తావు?"

మా మనవరాలు విజయ పెట్టె మూత వేసి దాని మీద కూర్చుంది, గొళ్ళెం పడటానికి. నేను పెట్టిన కరివేపాకు పొడి డబ్బా వల్లే మూత పట్టట్లేదని దాని గొణుగుడు.

విశాఖపట్నంలో వాతావరణం చదువు చదివింది. వాళ్ళ మేడంతో కలిసి అమెరికా వెళ్ళి, నెలన్నర పాటు అక్కడి సుడిగాలుల వెంట వ్యానులో తిరిగి, లెక్కలు రాసుకుని వస్తుందట. మర్నాడు మద్రాసులో విమానం. దానికందాలంటే ఆ సాయంత్రం ఐదూ నలభైకి బెజవాడలో రైలెక్కాలి. మా అబ్బాయి కాయలు తోలుకుని గుంటూరు మిర్చి యార్డుకి పోయాడు. కోడలు కల్లం కాపలా. ఇక మిగిలింది నేను. నాకిష్టం లేదని చెబుతూనే బయల్దేరా.

జగ్గయ్యపేటలో ఒంటిగంటకి ఆర్డినరీ బస్సు, ఒకటిన్నరకి ఎక్స్‌ప్రెస్. ముందొచ్చేదీ చవకైనదీ ఒకటే అయినప్పుడు ఆలోచించేదేముంది? ఆర్డినరీ ఎక్కా. టికెట్ ఎంతో రాయను, మీరు వెళ్ళేనాటికి ఎటూ పెరుగుద్ది. పెరుగన్నం ఇంటినుంచే కట్టుకెళ్ళాం, హోటల్ మొహం చూడక్కర్లేదు.

పక్క సీట్లో నందిగామ బట్టల కొట్టాయన కూర్చున్నాడు. సంగతి విని, "గాలివానకి అమెరికా దాకా ఎందుకమ్మాయ్, మే నెల్లో మా కొట్టు అరుగు మీద కూర్చో, రోజూ చూపిస్తా" అన్నాడు. అందరూ నవ్వారు. విజయా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మా పిల్లని నేననాలి గానీ ఊళ్ళోవాళ్ళు అంటే ఎట్లా?

రెండుంబావుకి నందిగామ చేరాం. డ్రైవరు భోజనానికి దిగాడు. అరగంట ఆగుద్దన్నాడు కండక్టరు. నేను మంచినీళ్ళకి దిగి అలవాటు కొద్దీ పడమర చూసా. మబ్బు మామూలే. మబ్బు కింద ఎర్రదుమ్ము లేస్తంది. బస్టాండులో కాకులు అరుపు మానేశాయి. మా కల్లంలో అలా కనపడితే పట్టాలు కప్పడానికి అరగంటే ఉండేది. ఈ రోడ్డుకి రెండు పక్కలా ముసలి చింతలు. ఒక్కటి పడితే చాలు, బస్సు ఇక్కడే, రైలు అక్కడే. పిల్ల వెళ్ళటం ఇష్టం లేకపోతే లేదు గానీ, నా పిసినారితనం వల్ల ఆగిపోయిందంటే ఈ జన్మకి దాని మొహం ఎట్లా చూడను?

పక్కన ఎక్స్‌ప్రెస్ కదలబోతంది. "దిగవే" అన్నా. అదేమో కిటికీలోంచి తల బయటపెట్టి, గడియారం చూసుకుంటూ మబ్బు గురించి రాసుకుంటంది. "ఇంకాసేపు చూడనీ మామ్మా" అంటంది. పెట్టె దించి, దాని చెయ్యి పట్టుకు లాగా. తీసుకున్న టికెట్ వెనక్కి తీసుకోరమ్మా అని కండక్టరు నెమ్మదిగా చెప్పాడు. నేనడిగానా అన్నా. టికెట్ ముక్క బొడ్లో దోపుకుని ఎక్స్‌ప్రెస్ ఎక్కా.

కీసర వంతెన దాటామో లేదో గాలి కొట్టింది. డ్రైవరు బుద్ధిమంతుడు, చెట్లు లేని చోట బస్సాపాడు. జనం కిటికీల షట్టర్లు దించుకున్నారు. మా పిల్ల దిగింది. తిట్టి ఎక్కిద్దామని నేనూ దిగా.

మునేరు ఏటి ఇసక మీదుగా వాన తెల్లగా నడిచొస్తంది. ముందు దుమ్ము, దాని వెనక చల్లదనం, ఆ వెనక నీళ్ళు. ఇన్నేళ్ళూ నా చూపు మబ్బు మీద, మనసు కాయల మీద. కాయల ధ్యాస లేకుండా మబ్బుని చూసింది ఆ పూటే. గోళీలంత వడగళ్ళు రోడ్డు మీద పడి ఎగురుతున్నాయి. విజయ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"భయమేస్తందా?" అన్నా.

"వేస్తంది మామ్మా."

"అయితే పర్లేదు. వెళ్ళిరా."

ఐదింటికల్లా బెజవాడ స్టేషన్లో ఉన్నాం, ఇద్దరం తడిసి ముద్దయి. కూలీని పిలవలేదు, పెట్టె చెరో పక్కా పట్టుకున్నాం. రైలు టైముకే వచ్చింది. ఆడవాళ్ళ పెట్టెలోంచి మేడం చెయ్యి ఊపింది. విజయ ఎక్కి, కిటికీ చువ్వల్లోంచి, ఇక్కడ గాలివాన వచ్చినప్పుడల్లా ఎన్నింటికొచ్చిందో, ఎటునుంచొచ్చిందో, వడగళ్ళు ఎంతెంతో కార్డు రాయమంది. మేడం అమెరికా అడ్రసు రాసిన కాగితం ఇచ్చింది. "కార్డు దండగ, వచ్చాక చెప్తాలే" అన్నా. రైలు కదిలింది.

తిరుగు బస్సు కీసర దాటి ఆగింది. అనుకున్నంతా అయింది, రోడ్డుకడ్డంగా చింతచెట్టు. మనుషులు గొడ్డళ్ళతో కొడుతున్నారు. చీర ఎగదోపి మొద్దు దాటా. అవతల నిలబడుంది నేను దిగిపోయిన ఆర్డినరీయే. రైలుకెళ్ళాల్సినవాళ్ళు ఎవరో ఇద్దరు రోడ్డు పక్కన తలలు పట్టుకు కూర్చున్నారు. బస్సుని జగ్గయ్యపేటకి తిప్పుతున్నారు. కండక్టరు నన్ను గుర్తుపట్టాడు.

"పాత టికెట్ ఉందా మామ్మగారూ?"

బొడ్లోంచి తీసి చూపించా. తడిసి మెత్తబడింది.

"దాంతోనే కూర్చోండి" అన్నాడు.

వేసవి మధ్యాహ్నం రైలుకి పోయేవాళ్ళు ఆర్డినరీ ఎక్కకండి. ఎక్కితే టికెట్ మాత్రం పారేయకండి. ఆ దారిన ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు గానీ, నాకు గుర్తున్న ప్రయాణం అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే కల్లానికి పోయా. పట్టా పడమటంచు లేచి రెండు బస్తాల కాయ తడిసింది. కోడల్ని ఏమీ అనలా. తడికాయ వేరుచేసి ఎండబోసా. పోస్టాఫీసు తెరిచాక కార్డు కొనుక్కుని, అమెరికాకి సరిపడా బిళ్ళలంటించి, అక్కడే బల్ల మీద రాసా: మూడింటికి, పడమర నుంచి, గోళీలంత.